మేఘబాహు గారి మేడమీద పోర్షన్

పేరు మనిషికి పట్టిన చీడ! ఈ మాట నేను ఊరికే అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరును ఓ మూల పడేసి, ముసుగేసుకుని ఫోనులో కబుర్లాడుకునేవాళ్ళే ఈ కాలపు మహాత్ములు. వాళ్ళను చూసి కొందరు "పనీపాటా లేని గుంపు" అని ఈసడిస్తుంటారు. వాళ్ళకేం తెలుసండీ ముసుగు మహిమ?

నమ్మకం కుదరకపోతే మా నిజామాబాద్ ఆత్మారాం గారిని చూడండి. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మేడమీద ఓ పోర్షన్ వేసి, గేటుకు టులెట్ బోర్డు తగిలించారు. కూరగాయలవాడితో బేరమాడతారు, పక్కింటి కుక్కను అదిలిస్తారు, పేపరు చదివి దేశం పాడైపోయిందంటారు. అంతవరకూ మీలాంటి, నాలాంటి మనిషే. ఫోను తెరిచారా, ఆయన మేఘబాహు!

మేఘబాహు అంటే ఒకప్పటి బొమ్మల కథల వీరుడు. నీలం ముసుగు, మబ్బుల మీద ప్రయాణం, అన్యాయం కనబడితే చాలు పిడికిలి గుద్దు. బోధన్ దగ్గర చెరుకు తోటల్లో పెరిగిన ఆత్మారాం, చిన్నప్పుడు ఓ చేత్తో చెరుకు గడ, ఓ చేత్తో ఆ పుస్తకం పట్టుకుని లోకాన్ని మరిచిపోయేవారు. ఇప్పుడు వాటికి అట్టలు వేయించి, ముందు గదిలో అద్దాల అలమారలో దేవుడి పటాలకన్నా భద్రంగా పెట్టుకున్నారు.

అలాంటి అభిమానులంతా కలిసి పెట్టుకున్న గ్రూపు పేరు "బొమ్మల కథల బలగం". అందులో నంబర్లు కనబడవు. అందరూ ఆ పుస్తకాల్లోని పాత్రల పేర్లతోనే తిరుగుతారు. అసలు పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు, ఎవరినీ అడగకూడదు. అడిగితే ఊస్టింగే! ఇద్దరు పక్కకు పోయి మాట్లాడుకునే దారి కూడా మూసేశారు అడ్మిన్ రత్నప్రభ మహారాణి. ఆవిడ ఎవరో, ఏ వంటింట్లో కూర్చుని ఈ రాజ్యం ఏలుతున్నారో ఆ దేవుడికే తెలియాలి.

మరి అక్కడ బొమ్మల కథల గురించే మాట్లాడుకుంటారా అని అడుగుతారేమో. ఎంత అమాయకులండీ మీరు! పొద్దున లేస్తే టీవీ సీరియల్ గొడవే. సోమవారం మెట్లమీద కాలు జారిన కోడలు శుక్రవారానికి కూడా కింద పడదాయె! హైదరాబాద్‌లో బయల్దేరిన బస్సు మా ఊరి దగ్గరి ఇందల్వాయి దాటుతుంది గానీ ఆ కోడలు రెండో మెట్టు దాటదు. "మేఘబాహు అయితే ఒక్క బొమ్మలో పట్టుకుంటుండె" అని ఒకరంటారు. "అత్తనే ముందు పట్టుకుంటుండె" అని ఇంకొకరు.

తర్వాత బతుకు బాధలు. కానీ బొమ్మల కథ దాటి మాట్లాడితే మహారాణి గారికి కోపం. అందుకని తమ బాధను ఆ వీరుడి నెత్తిన పెట్టి చెప్పే ఉపాయం కనిపెట్టారు. "మేఘబాహుకు మోకాళ్ళు గుంజుతున్నయ్, ఏం రాయాలె?" అని ఎవరో అడుగుతారు. నువ్వుల నూనె మొదలుకొని నిజామాబాద్‌లో మంచి ఎముకల డాక్టరు దాకా సలహాలు. "చెరుకు కొట్టనీకి కూలీలు దొరుకుతలేరు, మేఘబాహు ఖాళీగున్నడా?" అని ఓ రైతు మొత్తుకుంటాడు. అందరూ నవ్వుతారు, అందరూ ఓదారుస్తారు. ఏ కులం, ఏ మతం? ఎవరికి కావాలి! ముసుగు వెనక అంతా వెన్నే!

ఆ వెన్నలోకెల్లా వెన్న, నీడమనిషి అనే కుర్రవాడు. ఆత్మారాం గారికి కంటి ఆపరేషన్ అయితే, కన్న కొడుకు కన్నా ముందు పలకరించింది వాడే. "అన్నా, కట్టు ఇప్పిండ్రా? ఫోన్ ఎక్కువ సూడకు" అని రోజూ మెసేజీ. ఆయన పుస్తకాల్లో చిరిగిపోయిన పేజీల ఫోటోలు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పంపేవాడు. ఆత్మారాం గారికి వాడంటే ప్రాణం.

ఓ రోజు ఆ నీడమనిషే, ఏ ఉపాయమూ లేకుండా, గ్రూపులో రాశాడు: "అన్నా, మేమున్న ఇల్లు అమ్మేసిండ్రు. ఈ నెలలనే ఖాళీ జెయ్యాలె. మా ఇంటామెకు నెలలు నిండుతున్నయ్. యాడికి వోయినా మంచిగ మాట్లాడుతరు, ఇల్లు సూపెడ్తరు. పేరు చెప్పంగనే ఇల్లు కిరాయికి వోయిందంటరు. ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు."

మేఘబాహు రక్తం ఉడికింది! నిజంగానే ఉడికిందండీ, ఇందులో నటన లేదు. "పేరు సూసి ఇల్లిచ్చేటోడు మనిషేనా? ఇటుకలకు కులముందా, నల్లా నీళ్ళకు మతముందా? గసొంటోని ఇంటి కప్పు లేపి పారేస్త తమ్మీ!" అని రాశారు. ఎర్ర గుండెకాయలు వానలా కురిశాయి. మహారాణి గారు స్వయంగా కిరీటం బొమ్మ పంపారు.

మర్నాడు ఆ మెసేజీనే మళ్ళీ చదువుకుని మురిసిపోతుండగా గేటు చప్పుడైంది. బోర్డు చూసి వచ్చిన కుర్రాడు. చక్కని మనిషి, నెమ్మదైన మాట. ఆత్మారాం గారు మేడమీదికి తీసుకెళ్ళారు, గాలీ వెలుతురూ చూపించారు, కిందికి తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన భార్య రేణుకమ్మ ఛాయ్ ఇచ్చింది. కుర్రాడి చూపు అద్దాల అలమార మీద పడి అక్కడే నిలిచిపోయింది. ఏదో చెప్పబోయాడు.

"ఏం పేరు బిడ్డా?" అన్నారు ఆత్మారాం.

కుర్రాడు చెప్పాడు. సాయిబుల పిల్లవాడని ఆ పేరే చెప్పింది.

"అయ్యో, మరిచేపోయిన! మా బావమరిది వస్తనన్నడు. మొన్ననే మాటిచ్చినం."

కుర్రాడు తలూపి, ఛాయ్ కప్పు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, "సరే అంకుల్" అని వెళ్ళిపోయాడు. సగం ఛాయ్ మిగిలే ఉంది.

"నాకు తమ్ముడే లేడు గదయ్యా, నీకు బావమరిది యాడికెళ్ళి పుట్టిండు?" అంది రేణుకమ్మ.

"నీకు తెల్వది, ఊకో" అన్నారాయన, ఫోను తీస్తూ. ముసుగు కింద మళ్ళీ ఎంత చల్లగా ఉందో!

సాయంత్రం నీడమనిషి రాశాడు. "ఇయ్యాల ఒక ఇల్లు సూసిన అన్నా. ముందు గదిల అద్దాల అలమార నిండ మేఘబాహు పుస్తకాలు! మనోళ్ళదే ఇల్లని ఖుషీ అయిన. గ్రూపు ముచ్చట జెప్పి, పెద్దాయనకు నీ సంగతి గూడ చెప్దామనుకున్న. గంతల పేరడిగిండు."

బలగమంతా భగ్గుమంది. "మన పుస్తకాలు సదివి గిదా బుద్ధి? మేఘబాహు అన్నా, నువ్వే చెప్పు, వాన్ని ఏం జెయ్యాలె?" అందరూ ఆయన తీర్పు కోసం కాచుకు కూర్చున్నారు.

 ఆత్మారాం గారు అలమార వైపు చూడలేకపోయారు. అంత సిగ్గు ఆయనకు పుట్టి బుద్ధెరిగాక కలగలేదు. అయినా రాశారు: "గా ఇల్లు నాదే."

 చప్పట్లే చప్పట్లు! "ఏం ట్విస్టు అన్నా! మేఘబాహు ఇల్లే విలన్ ఇల్లు! కిర్రాక్!" కథ అనుకున్నారు పాపం. నీడమనిషి మాత్రం ఏమీ పంపలేదు.

ఇక లాభం లేదు, ఆ పిల్లవాణ్ణి వెతికి పట్టుకుని తాళంచెవి చేతిలో పెట్టాల్సిందేనని చెప్పులు తొడుక్కున్నారు ఆత్మారాం. గేటు దాకా వెళ్ళి ఆగిపోయారు. ఎవరని అడగాలి? ఆ పేరు ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. అవునండీ, విన్నది మతం తెలుసుకునే మేరకే. తెలియగానే వినడం ఆపేశారు.

"రేణుకా, గా పిలగాని పేరేమన్నడు?"

"నాకేం తెల్సు? గంత పట్టింపుగ అడిగింది నువ్వు గదా!"

చివరికి గ్రూపులోనే రాశారు: "తమ్మీ, నీ పేరేంది? యాడుంటవ్? పోర్షన్ నీకే, రేపే రా."

ఫోను టింగుమంది. పేరూ ఊరూ అడిగినందుకు మేఘబాహును బలగం నుంచి తొలగించినట్టు మహారాణి వారి ఆజ్ఞ! నీడమనిషి చూసేలోపే ఆ మెసేజీ కూడా చెరిపేశారు.

ఎంత క్రమశిక్షణ చూడండి! ఇల్లివ్వకుండా ఉండేందుకు పేరడిగితే ఈ లోకంలో ఒక్కరూ తప్పనలేదు. ఇల్లిచ్చేందుకు అడిగితే అరక్షణంలో శిక్ష పడింది.

ఆత్మారాం గారు పొద్దున్నే బయల్దేరి గల్లీ గల్లీ తిరుగుతున్నారట. మీ వీధిలో ఎవరైనా ఇల్లు వెతుక్కుంటూ, నిండు చూలాలితో తిప్పలు పడుతుంటే, మేడమీద పోర్షన్ ఖాళీగానే ఉందని చెప్పండి. పేరు కూడా అడగండి. అడిగి, ఈసారి గుర్తుపెట్టుకోండి.