బరువెక్కువైతే బేగి వస్తాదా?

సముద్రం అవతల పోర్ట్ క్లాంగ్ రేవులోని కంటైనర్ల గోదాములో సూపర్‌వైజరుగా పనిచేసే వీరసామికి ఈ ప్రపంచంలో భయమన్నది ఒక్కటే. ఆ భయం పేరు పువనేశన్. భార్య రత్నావతికి సొంత అన్న. పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఫిజిక్సు చెబుతాడు, సెలవుల్లో చుట్టాలకు చెబుతాడు. టీ అందిస్తే ఆవిరి పైకెందుకు పోతుందో చెప్పి, టీ చల్లారాక తాగి, చల్లారిందెందుకో కూడా చెబుతాడు.

అందుకే ఆ ఆదివారం పొద్దున్న రత్నావతి "మా అన్నని పిలుస్తాను" అనగానే వీరసామి గొంతులో దోసె అడ్డం పడింది.

"ఇప్పుడేటొచ్చిందని?"

"ఏటొచ్చిందా? రేపు షర్మికి ఫిజిక్స్ టెస్టు. మోషను, ఎనర్జీ. పాసవకపోతే సైన్సు లేని క్లాసుకి మార్చేస్తానని టీచరు సెప్పేసినాది. నీకు తెల్దా?"

తెలియదు. కూతురు షర్మిల ఫారం ఫోర్‌లో, మన పదో తరగతి లాంటి దాంట్లో, ఉందని తెలుసు. హార్బరులో ఆకాశానికి తగిలే క్రేన్లున్నాయే, అలాంటివి తయారుచేసే ఇంజినీరు కావాలన్నది చిన్నప్పట్నుంచీ దాని కోరిక అనీ తెలుసు. ఆ పిల్ల ఇప్పుడు పుస్తకం మీద తల ఆనించి, కళ్ళు ఎర్రగా చేసుకుని కూర్చుంది. చూడగానే వీరసామి గుండె కరిగింది. బావ వస్తాడని తలుచుకోగానే మళ్ళీ గడ్డకట్టింది.

"నేను లేనా? నేను సెప్తాను లా! స్కూల్లో ఫిజిక్సులో నేనే ఫస్టు," అన్నాడు, ఆ ఊరి వాడుకలో మాట చివర 'లా' తగిలించి.

"దేనికి? క్లాసులోంచి బయటికి పోడానికా?" అంది రత్నావతి.

షర్మిల ఏడుపు మధ్యలోనే కిసుక్కుమంది.

వీరసామి పౌరుషంగా పుస్తకం లాక్కున్నాడు. ఒక వాలు మీద పైన ఆగి ఉన్న బండిని వదిలారు. ఎత్తు ఇచ్చారు. కిందికొచ్చేసరికి వేగమెంత? రాపిడి లేదనుకోమన్నారు.

"బండి బరువు ఏదీ? బరువు సెప్పకుండా వేగం ఎలగ తెలుస్తాది? లెక్కే తప్పు!" అని తేల్చేసి, ఫోను చొక్కాలో దాచుకుని బాత్రూములోకి నడిచాడు.

తెలుగు సంఘం వాళ్ళు పిల్లల హోంవర్కు సందేహాలకు ఒక టెలిగ్రాం గ్రూపు నడుపుతున్నారు. అందులో ఎవరి నంబరూ ఎవరికీ కనబడదు, పెట్టుకున్న పేరే కనబడుతుంది. మీసం మెలేసుకుంటూ వీరసామి "రాగిణి, ఫారం ఫోర్" అని పేరు పెట్టుకుని చేరిపోయాడు. లెక్క ఫొటో పెట్టగానే "గురువు" అనే ఆయన పలికాడు.

"ముందు నీ ప్రయత్నం చూపించమ్మా."

"ప్రయత్నం లేదు సార్. అర్జంటు."

"ఇక్కడ జవాబులు ఇవ్వం తల్లీ. ఏమేం తెలుసు, ఏం కావాలి, అవి రాసి పంపు."

ఆ మీసాల 'తల్లి' బాత్రూములోంచి గబగబా బయటికొచ్చింది. "షర్మీ, ఇందులో ఏటి తెలుసు, ఏటి కావాలి?"

షర్మిల ఆలోచించి చెప్పింది. వీరసామి లోపలికి పరుగెత్తాడు. "పైన ఏ శక్తి ఉంది, కింద ఏ శక్తి ఉంది?" అని గురువు అడిగాడు. వీరసామి బయటికి పరుగెత్తాడు. షర్మిల పెన్సిలు కొరికి, గీతలు గీసి, జవాబు చెప్పింది. మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి.

"దోసె పడలేదేటి?" అంది రత్నావతి వంటింట్లోంచి. "మజ్జిగ తాగుతావా?"

చివరికి షర్మిలే లేచి నిలబడింది. "నాన్నా! రెండు వైపులా మాస్ కొట్టుకుపోతాది! బరువు అక్కర్లేదు! ఎంత బరువున్నా కింద ఒకటే స్పీడ్!"

ఇది వీరసామికి అస్సలు మింగుడుపడలేదు. లోడు బళ్ళతో బతికినవాడు. బాత్రూములోకి పోయి గురువుతోనే తగవు పెట్టుకున్నాడు.

"బరువెక్కువైతే బేగి వస్తాది సార్. నా కళ్ళతో రోజూ చూస్తాను."

"రాదమ్మా. మీ ఇంట్లో సైన్సు చదివినవాళ్ళు ఎవరూ లేరా?"

"ఒక మావ ఉన్నాడు సార్. నోరు తెరిస్తే మూయడు. అతని చేత చెప్పించుకోడం కన్నా ఫెయిలవడం నయం."

"అయ్యో! అలాంటి వాగుడుకాయల వల్లే పిల్లలకి ఫిజిక్సంటే భయం. నువ్వు బెదరకు తల్లీ. నమ్మకం కుదరకపోతే చేసి చూడు."

చేసి చూడమన్న మాట వీరసామికి పూనకం తెప్పించింది. అతని ఇంటి కారు పోర్చి నుంచి గేటు దాకా చక్కటి సిమెంటు వాలు. గోదాము వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న నాలుగు చక్రాల ట్రాలీ మూలనే ఉంది. దాన్ని పైన నిలబెట్టి, షర్మిలని దాని ఫోనులో టైము చూడమని, తను గేటు దగ్గర కాళ్ళు ఎడంగా పెట్టి గోల్‌కీపరులా నిలబడ్డాడు.

"వదులు లా!"

ఖాళీ ట్రాలీ గడగడమంటూ వచ్చింది. వీరసామి ఒంటి కాలితో ఆపి, చుట్టూ చూసి, చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేకపోవడంతో తనే కొట్టుకున్నాడు.

"ఇప్పుడు సూడు బరువు తడాఖా!" అని కొత్త బియ్యం బస్తా తెచ్చి ట్రాలీ మీద పడేశాడు.

"నా బియ్యం!" అంటూ రత్నావతి గరిటెతో పరుగెత్తుకొచ్చేలోపే షర్మిల వదిలేసింది.

ట్రాలీ వచ్చింది. షర్మిల ఫోను చూసి "సేమ్ టైం! నాన్నా, సేమ్ టైం!" అని గెంతింది. వీరసామి ఇందాకటిలాగే ఒంటి కాలు చాచాడు. వేగమైతే ఇందాకటిదే. కానీ ఆగే లక్షణమే లేదు. అతని కాలు వెనక్కి పోయింది, కాలితోపాటు అతనూ పోయాడు, పోతూ పోతూ గేటు పట్టుకుంటే గేటు తెరుచుకుంది. ట్రాలీ దర్జాగా వీధిలోకి వెళ్ళి, అప్పుడే వచ్చి ఆగిన కారు బంపరుని ఢీకొట్టింది. బస్తా ఎగిరి పిగిలింది. రత్నావతి ఎప్పుడు పిలిచిందో, కారు తలుపు తీసి దిగుతున్న పువనేశన్ నెత్తి మీద బియ్యం అక్షింతల్లా కురిసింది.

పోర్చి మీంచి షర్మిల కేక: "అర్థమైంది! స్పీడ్ ఒకటే, కానీ ఎనర్జీ వేరు! బరువెక్కువైతే కింద ఎనర్జీ ఎక్కువ, అందుకే నాన్న ఆపలేకపోయినాడు!"

పువనేశన్ కోపం తెచ్చుకోవలసినవాడు, మేనకోడలి మాటకి ముఖం వెలిగిపోయి జుట్టులో బియ్యంతోనే దాన్ని ఎత్తి తిప్పేశాడు.

"మా షర్మి! ఎంత బాగా సెప్పినావే! పొద్దుట్నుంచి గ్రూపులో రాగిణని ఒక పిల్ల ఇదే మాట మీద నాతో ఒకటే తగువు. మంచి పట్టుదలున్న పిల్ల. పాపం, దానికెవరో మావ ఉన్నాడంట, ఒట్టి వాగుడుకాయ!"

కింద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్న వీరసామి రుద్దడం మానేశాడు.

"ఉండు, ఈ సంగతి ఆ పిల్లకి ఇప్పుడే రాస్తాను," అని పువనేశన్ ఫోను తీసి ఆత్రంగా టైపు చేశాడు.

వీరసామి చొక్కా జేబులో 'టింగ్'మంది.

వీరసామి గట్టిగా దగ్గాడు. రత్నావతి గరిటె చేత్తో అలాగే నిలబడి మొగుణ్ణి చూసింది, బాత్రూము వైపు చూసింది, మళ్ళీ మొగుణ్ణి చూసింది.

"అన్నా, ఇంకొకటి పంపు," అంది తీయగా.

'టింగ్.'

వీరసామి ఈసారి దగ్గుతోపాటు తుమ్మాడు కూడా. షర్మిల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పువనేశన్ మాత్రం మెసేజీ మీదే ధ్యాసతో, "జవాబు లేదే! బిడియం కాబోలు," అన్నాడు.

"బిడియమే," అంది రత్నావతి. "నాకా పిల్ల తెలుసన్నా. మంచిదే, కాకపోతే కాస్త మొండి. నువ్వు రోజూ లెక్కలు పంపు, దగ్గర కూచోబెట్టి సేయించే పూచీ నాది."

మర్నాడు టెస్టులో బరువు గురించే పెద్ద ప్రశ్న వచ్చింది. షర్మిల ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి, మొత్తం రాసేశానని అమ్మనీ నాన్ననీ కలిపి పట్టుకుని గెంతింది. వీరసామి కుంటుతూనే తనూ గెంతి, ఆ ఆనందంలో ఫుట్‌బాల్ మ్యాచి చూద్దామని టీవీ పెట్టాడు.

రత్నావతి మొగుడి ఫోను చేత్తో వచ్చి టీవీ కట్టేసింది. అతని ముందు తెల్లకాగితం పరిచి, పెన్సిలు చేతిలో పెట్టింది.

"గురువుగారు ఐదు లెక్కలు పంపినారు. కూకో రాగిణమ్మా. ముందు నీ ప్రయత్నం సూపించు."