రౌటరు మేలుకొనుటకు అనుమతి

కింది స్థాయిలో ఉన్నది ఏదైనా సరే, పైవారి అనుమతి లేకుండా నిద్ర లేవడం క్రమశిక్షణకు భంగమని హిందూపురంలోని పౌర సంధాన విభాగం తీర్మానించింది. మనుషుల దగ్గర అది సాగలేదు గనక రౌటర్లతో మొదలుపెట్టారు.

ఆ ప్రకారం కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పెనుకొండ పౌర సేవా కేంద్రంలోని ఇంటర్నెట్ రౌటరు తన సెట్టింగులను హిందూపురాన్ని అడిగి తెచ్చుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. హిందూపురాన్ని అడగాలంటే ముందు పని మొదలుపెట్టి ఉండాలి. (ఈ చిన్న ఇబ్బంది తీర్మానం రాసినవారి దృష్టికి రాలేదు. వాళ్ల ఆఫీసులో జనరేటర్ ఉంది.)

ఫరీన్ కేంద్రం మెట్లెక్కేసరికి కరెంటు అప్పుడే పోయి వచ్చింది. ఆమెకు కావలసింది నివాస ధ్రువపత్రం. మంజూరై ఉంది, ప్రింటు తీయడమే తరువాయి. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ కార్మికులకు మెస్సు నడిపే మునెమ్మ ఆమెకు లెక్కలు రాసే పని ఇస్తానంది. సాయంత్రం నాలుగులోగా ఆ పత్రంతో రాకపోతే పని ఇంకొకరికి.

"రఫీ అన్నా, ఇంకా ఎంతసేపు?"

ఆపరేటరు రఫీ రౌటరు మీది ఎర్ర దీపాన్ని చూపించాడు. "అడుగుతాండాదమ్మా. హిందూపురం పలకడంల్యా."

"నువ్వే ఫోన్ చేసి అడగొచ్చు కదా?"

"చేసినా. కంప్లయింటు పోర్టల్లో పెట్టమన్యారు."

"నెట్టే ల్యాకపోతే పోర్టల్లో యాడ పెడతావు?"

"నెట్ లేదని చెప్పేదానికి ఆడ ప్రత్యేకంగా ఒక బటన్ పెట్టినారంట. చానా ముందుచూపు."

నిజానికి మరో దారి ఉంది. రౌటరు సెట్టింగుల్లో 'ఎక్కడి నుంచి మొదలవ్వాలి' అన్నచోట 'హిందూపురం' తీసేసి 'సొంత జ్ఞాపకం' అని పెడితే రౌటరు తన పాటికి తాను లేస్తుంది. కానీ సొంత జ్ఞాపకాన్ని వాడుకోనిచ్చే అధికారం ధర్మవరంలోని బూట్ (అనగా మేలుకొలుపు) సెట్టింగుల ఉపసంఘానిది. ఆ ఉపసంఘం ఏర్పాటైంది. సభ్యులను నియమించడమే మిగిలింది.

"నువ్వే మార్చెయ్ అన్నా. నా బస్సు పోతాది."

"నేను మారిస్తే ఉల్లంఘన. ప్రజలు మారిస్తే పొరపాటు." రఫీ లేచి, సెట్టింగుల పేజీ తెరిచి, కుర్చీని ఆమె వైపు తిప్పాడు. "నేను టీ తాగొస్తా. ఆ రెండో వరుసలో 'సొంత జ్ఞాపకం' మీద చెయ్యి తగలకుండా చూసుకో. తగిలినా, కింద 'సేవ్' మీద అస్సలు తగలనీవద్దు. ఆపైన స్విచ్చి ఆపి ఏసేవు, జాగ్రత్త!"

ఫరీన్ ఒక్క జాగ్రత్తా మరిచిపోకుండా అన్నీ చేసింది.

దీపం పచ్చబడింది. టీ తాగి వచ్చిన రఫీ గుమ్మంలోనే నిలబడి, "అరె, హిందూపురం పలికినట్లుండాదే!" అని నోరెళ్లబెట్టి, పత్రం ప్రింటు తీసిచ్చాడు. (కొత్త విధానం పెనుకొండలో విజయవంతమైందని ఆ సాయంత్రమే హిందూపురం ప్రకటించింది.)

గడువుకు కాస్త ముందుగా ఫరీన్ మెస్సు చేరి, ఆయాసపడుతూ పత్రం చేతికిచ్చింది. మునెమ్మ దాన్ని మడత విప్పకుండానే వేడి సాంబారు గిన్నె కింద పెట్టింది.

"చదవవా అక్కా? నేను పెనుకొండదాన్నేనని ఉండాది దాంట్లో."

"నాకు తెలీదా మే? పెనుకొండలో మీది మా ఇంటి ఎనక వీధే కదా."

"మరి ఎందుకడిగినావు?"

"అందరూ అడుగుతాండారు కదమ్మా," అంది మునెమ్మ. "మనం అడక్కపోతే బాగుండదని."