అఫ్రియే కుడిచెయ్యి

ఆ గురువారం పొద్దున అఫ్రియే వేసుకున్న పథకం చిన్నదే. కూతురు సెర్వా మోచేతి మడతలో సూది నొప్పి తెలియకుండా తిమ్మిరి పూత పూయాలి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టాలి, అది పట్టేలోగా, అంటే గంటలో, కుమాసీ ఆసుపత్రికి చేరాలి. ఆరేళ్ల సెర్వాకు సికిల్ సెల్ జబ్బు. పోయిన నెల సూది చూడగానే గేటుదాకా పరుగెత్తింది. ఈసారీ రక్తపరీక్ష కాకపోతే మందు ఆపేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు.

పూత పూసిన కుడిచేతి వేళ్లను అఫ్రియే మూడుసార్లు సబ్బుతో కడిగింది. అయినా ట్రోట్రో అనే షేరు వ్యానులో కూర్చున్న కాసేపటికి అవి మొద్దుబారాయి. 'నా వేళ్లే ఇలా అయితే బిడ్డ చెయ్యి మళ్లీ లేస్తుందా?' అని గుండె గుభేలుమంది. బిడ్డ అదే చేత్తో వేయించిన అరటికాయ ముక్కలు తింటున్నా ఆమెకు ధైర్యం చాలలేదు.

దారిలో పేటపెద్ద బోబియే ఎక్కి, "ఏం అమ్మాయ్, కులాసానా?" అంటూ చెయ్యి చాచాడు. కుడిచెయ్యి ఇస్తే మందు అంటుకుని పెద్దాయన చెయ్యి పడిపోతుందేమోనని అఫ్రియే ఎడమచెయ్యి ఇచ్చింది.

పెద్దలకు ఎడమచెయ్యి ఇవ్వడమంటే అవమానమే; బండిలో అందరూ ఇటు తిరిగారు.

"ఎడమచెయ్యా! మీ నాన్న నిన్నిలా పెంచలేదే!"

"తప్పైపోయింది తాతా! కుడిచేతికి స్పర్శ లేదు!"

వెనక సీట్లో చేపలమ్మే ఆవిడ లేచి నిలబడింది. "అయ్యో, పక్షవాతం! మా ఆడపడుచుకీ ఇలాగే మొదలైంది. మూతి వంకర పోయిందేమో చూడండి!"

చూశారు. ఏడుపు ముంచుకొచ్చి నిజంగానే వంకర పోయింది.

"నాకేం కాలేదు, పిల్లకి పూత..."

"మాటా తడబడుతోంది! డ్రైవరూ, ఎక్కడా ఆపకు!" అని గద్దించాడు బోబియే.

హారన్ మోగిస్తూ వెళ్లిన బండి అత్యవసర విభాగం గుమ్మంలోనే ఆగింది. నలుగురు కలిసి అఫ్రియేను మంచమెక్కించారు.

"రక్తం తియ్యాల్సింది పిల్లకి!" అని ఆమె మొత్తుకుంది.

"అలాగేలే తల్లీ, ముందు నీకు తీద్దాం," అని నర్సు సూది దించింది. అఫ్రియే పెట్టిన కేకకు పిల్లల వార్డు నుంచి సెర్వాను ఎరిగిన సిస్టర్ డంసో పరుగెత్తుకొచ్చింది. సెర్వా చేతికున్న చుట్టును చూసింది, గోడ గడియారం చూసింది, పూత పట్టే గంట అయిందని లెక్కేసుకుని పని మొదలుపెట్టింది.

సెర్వా రెండో చేత్తో తల్లి నుదురు నిమురుతోంది. "అటు చూడకమ్మా. అయిపోతుంది."

"నీకెలా తీస్తారోనే నా బెంగ!"

"తీసేశాను," అంది డంసో.

సెర్వా తన చేతిమీది దూదిని వింతగా చూసుకుంది. "ఎప్పుడు?"

సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. సెర్వాకు పాత మందే వాడమన్నారు. అరిచి అరిచి బొంగురుపోయిన అఫ్రియేకు గొంతు మాత్రలు రాసిచ్చారు.