పేలాల్సిన వంతెన

ఉదయం పది గంటలకు వంతెన పేలిపోవాలి. పదకొండింటికి రంగులాయన స్నానం చేయాలి. ఒంటిగంటకల్లా ఇంటికి చేరి, నాలుగు నెలల తర్వాత భార్యాపిల్లలతో కూర్చుని భోజనం చేయాలి. ఆ రోజుకు ఆయన వేసుకున్న పథకం అంతే. అందులో అత్యాశ ఏముందో తర్వాత ఎంత ఆలోచించినా ఆయనకు అంతుపట్టలేదు.

ఆయన సినిమాలకు సెట్లు వేస్తాడు. చొక్కా మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉంటుంది కాబట్టి అందరూ రంగులాయన అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కోటలు కట్టాడు, ఓడలు కట్టాడు, ఒకసారి విమానాశ్రయం కట్టాడు. కట్టినవన్నీ కాల్చేశారు, కూల్చేశారు, లేదా ముంచేశారు. ఆయన ఏనాడూ బాధపడలేదు. తన పని కట్టడం, వాళ్ళ పని పేల్చడం అనుకునేవాడు.

ఈసారి సినిమా మాత్రం మామూలుది కాదు. హీరో ఒంటరిగా ఒక సైన్యాన్ని అడ్డుకుంటాడు. చివర్లో మోటార్ సైకిల్ మీద వంతెన దాటి, దిగి నడిచొస్తుంటే అతని వెనకాల వంతెన ముక్కలు ముక్కలుగా గాల్లోకి లేస్తుంది. "చూస్తే రెండొందల ఏళ్ళ కిందటి బ్రిడ్జిలా ఉండాలండీ. అయ్యో, అంత మంచి బ్రిడ్జి పోయిందే అని జనం కంటతడి పెట్టాలి" అన్నాడు డైరెక్టరు. రంగులాయన ఊరి చివరి కాలువ మీద కర్రలూ, ప్లైవుడ్డూ, థర్మోకోలూ, సుద్దపిండీ కలిపి అరవై అడుగుల రాతి వంతెన లేపాడు. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టించి నాచు అంటించాడు. పక్షుల రెట్టలైతే ఎవరికీ అప్పగించకుండా స్వయంగా తానే వేశాడు. ఒక మోటార్ సైకిలు ఒక్కసారి దాటితే చాలు, అంతకు మించి బరువు మోయాల్సిన అవసరం దానికి లేదు.

ఉదయం ఏడింటికి ఆయన వ్యాను దిగేసరికి, వంతెన మీద సైకిల్ తొక్కుకుంటూ ఒకాయన అవతలి గట్టు నుంచి వస్తున్నాడు. రంగులాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

సైకిలాయన ఈవలికి వచ్చి గంట కొట్టి మరీ ఆగాడు. "మంచి పని చేశారండీ. ఇన్నాళ్ళూ రెండు మైళ్ళు చుట్టు తిరిగి ఆ పాత ఇనుప వంతెన మీంచి రావాల్సొచ్చేది. పావుగంట కలిసొచ్చింది."

"అయ్యా, అది వంతెన కాదండీ! సినిమా సెట్టు! అట్ట!"

సైకిలాయన వెనక్కి తిరిగి వంతెనను ఎగాదిగా చూసి నవ్వాడు. "పొద్దున్నే భలే హాస్యమాడుతున్నారే" అని పెడల్ మీద కాలేసి వెళ్ళిపోయాడు.

రంగులాయన బావమరిది అదే సినిమాలో అసిస్టెంట్ డైరెక్టరు. అక్క బతిమాలితే బావగారే ఇప్పించిన ఉద్యోగం అది. ఆయన కేక విని పరిగెత్తుకొచ్చాడు.

"అడ్డంగా కట్టిన తాడేదిరా?"

"నిన్న సాయంత్రమే తీయించేశాను బావా. కెమెరాలో పడుతోందన్నారు డైరెక్టరుగారు."

"తీస్తే తీశావు. కాపలాకి ఎవర్నన్నా పెట్టావా?"

"పెట్టాను బావా. అతను కూడా కెమెరాలో పడుతున్నాడన్నారు."

వాళ్ళు మాట్లాడుతుండగానే అవతలి గట్టున జనం మొదలయ్యారు. సైకిలాయన దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాడు కాబోలు. కూరల బుట్టలవాళ్ళు, ఆఫీసు సంచులవాళ్ళు, చంకలో పిల్లల్ని వేసుకున్నవాళ్ళు వస్తున్నారు. రంగులాయన చేతులు రెండూ చాపి వంతెన మొదట్లో నిలబడి, నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఒకాయన పిట్టగోడను వేలితో తడిమి, "ఇంత రాయిని పట్టుకుని అట్ట అంటాడేమిటి, పాపం" అని పక్కాయనతో జాలిగా అన్నాడు. తన పనితనం మీద రంగులాయనకు మొదటిసారి కోపమొచ్చింది.

ఇంతలో ఒక మామ్మ వంతెన మధ్యకు నడిచి, పిట్టగోడ మీద చతికిలబడింది.

"లేవండి మామ్మగారూ, మీకు దణ్ణం పెడతాను! ఇది నిజం వంతెన కాదు."

"నాకు చెప్తావా నాయనా? నా పెళ్ళైన కొత్తలో మా ఆయనా నేనూ సాయంత్రమైతే ఇక్కడే కూచునేవాళ్ళం. ఇదిగో, ఈ పగులు అప్పుడూ ఉంది."

"ఆ పగులు నేను మొన్న మంగళవారం వేశానమ్మా!"

మామ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "నీ వయసెంత నాయనా?" అని అడిగింది.

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వుతో వంతెన ఊగింది. ఊగినట్టు రంగులాయన ఒక్కడికే తెలిసింది.

మనుషులు చెబితే వినడం లేదు, రాసి పెడితే వింటారని బావమరిదికి ఆలోచన వచ్చింది. పెద్ద బల్ల తెచ్చి, "ఇది వంతెన కాదు, సినిమా కోసం వేసిన సెట్టు. ఈ రోజు పది గంటలకు పేల్చివేయబడును" అని రాద్దామనుకున్నాడు. అక్షరాలు మరీ పెద్దవి రాయడంతో బల్ల సరిపోలేదు. ఏది ముఖ్యమో ఆలోచించి అది మాత్రం ఉంచాడు. వంతెన మొదట్లో నిలబెట్టిన బల్ల మీద చివరికి మిగిలింది ఇది: "ఈ వంతెన నేడు పది గంటలకు పేల్చివేయబడును."

పావుగంటలో రెండు గట్ల జనం ఏకమయ్యారు. "ఎవడ్రా పేల్చేది? మా మీంచి పేల్చమనండి చూద్దాం!" అంటూ వంతెన మీద బారులు తీరి కూర్చున్నారు. పొద్దున్న వెళ్ళిన సైకిలాయన సెలవు పెట్టుకుని మరీ తిరిగొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. రంగులాయన లెక్కపెట్టాడు. నలభై ముగ్గురు. మళ్ళీ లెక్కపెట్టేసరికి అరవై ఒకరు. కింద ఎక్కడో ఒక కర్ర కిర్రుమంది.

ఆయన వంతెన కిందికి పరిగెత్తాడు. అక్కడ పేలుడు సామాను అమర్చే బాంబులాయన తీగలు చేత్తో పట్టుకుని, మొహంలో నెత్తురు చుక్క లేకుండా పైకి చూస్తున్నాడు.

"పైన ఎవరో సిగరెట్ వెలిగించారండీ" అన్నాడు.

నాలుగు రోజులు కష్టపడి పెట్టిన మందునంతా బాంబులాయన పావుగంటలో ఊడదీసి, సంచిలో వేసుకుని, గట్టెక్కి, ఎటు వెళ్తున్నాడో చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఇక రంగులాయన వడ్రంగులందరినీ పిలిచాడు. లైటు స్టాండ్లు, కెమెరా పట్టాలు, క్రేను గొట్టాలు, కనపడిన ఇనుమునంతా తెప్పించి వంతెన కింద ఆనించి కట్టించాడు. పొద్దున్నే దాన్ని కూల్చడానికి వచ్చిన మనిషి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కూలకుండా దాని కింద భుజం పెట్టాడు. అప్పుడు జేబులో ఫోను మోగింది. ఇంటి నుంచి.

"ఏవండీ, బయల్దేరారా? వంతెన పేలిందా?"

"లేదు."

"ఇంకా పేలలేదా! మరి ఏం చేస్తున్నారు అక్కడ?"

"పడిపోకుండా పట్టుకున్నాను."

"మీకు నిజంగా ఇంటికి రావాలని లేకపోతే లేదని చెప్పండి. ఇలాంటి కబుర్లొద్దు" అని ఫోను పెట్టేసింది.

పదకొండింటికి పురాతన కట్టడాల శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. జనం కబురు పెట్టారట. సన్నగా, కళ్ళజోడుతో, ఎంతో మర్యాదగా ఉన్నాడు. టేపు పట్టుకుని వంతెనను కొలిచాడు. నాచును వాసన చూశాడు. మామ్మ చెప్పిందంతా రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు.

"సార్, ఇది సెట్టు సార్. మా దగ్గర పర్మిషన్ కూడా ఉంది" అని రంగులాయన తడిబట్టలతోనే కాగితం చూపించాడు.

అధికారి నెమ్మదిగా చదివాడు. "వంతెన దగ్గర షూటింగ్‌కు అనుమతి అని ఉంది. వంతెన దగ్గర అన్నారంటే వంతెన ముందు నుంచీ ఉన్నట్టే కదా?"

దరఖాస్తు రాసింది ఎవరో రంగులాయన అడగలేదు. బావమరిది అప్పటికే ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఇక తెగించక తప్పలేదు. రంగులాయన ఉలి తీసుకుని, అధికారి కళ్ళముందే పిట్టగోడలో జానెడు ముక్క ఎగరగొట్టాడు. "చూడండి! లోపల చెక్క! రాయి ఎక్కడుందో మీరే చెప్పండి!"

అధికారి వంగి చూశాడు. ఆయన కళ్ళు వెలిగాయి. "రాతి పొరల మధ్య చెక్క! ఈ పద్ధతి గురించి పుస్తకాల్లో చదవడమే కానీ కళ్ళతో చూడలేదు." తర్వాత ఆయన మొహం గట్టిపడింది. "చారిత్రక కట్టడాన్ని ఉద్దేశపూర్వకంగా పాడుచేశారు. మీ పేరూ, తండ్రిగారి పేరూ చెప్పండి."

డైరెక్టరు కుర్చీలో కూలబడి మొహం మీద రుమాలు కప్పుకున్నాడు. మూడేళ్ళుగా ఆయన ఈ సినిమానే తాగాడు, ఈ సినిమానే తిన్నాడు. రుమాలు కింద నుంచి సన్నగా ఒక ఏడుపు వినిపించింది. సినిమాలో వంతెనను హీరో కాపాడేటట్టు కథ మారుద్దామని బావమరిది ధైర్యం చేసి అన్నాడు. డైరెక్టరు ఏడుపు ఆపి ఆలోచించసాగాడు. కానీ వ్యానులోంచి దిగిన హీరో ఒప్పుకోలేదు.

"నా వెనకాల ఏదో ఒకటి పేలాలి. ఏమీ పేలకపోతే నాకు నడక రాదు" అన్నాడు.

అధికారికి జాలేసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. "మీకు పేల్చడానికి వంతెనే కావాలంటే, అవతల ఆ పాత ఇనుప వంతెన ఉంది. కూల్చేయాలని రోడ్ల శాఖవాళ్ళు మూడేళ్ళ కిందటే రాసుకున్నారు. కూల్చేవాళ్ళు దొరకలేదు. జనానికి దారి ఉండదని కూడా ఆగారు. ఇప్పుడు ఇది ఉంది కదా, నేను మాట్లాడతాను."

"అయ్యా!" రంగులాయన అధికారికి అడ్డం వెళ్ళాడు. "అది ఇనుముతో కట్టిన అసలు వంతెనండీ! ఇది అట్టముక్క! ఉన్న వంతెన పేల్చేసి లేని వంతెన మీద జనాన్ని నడిపిస్తారా?"

డైరెక్టరు లేచి వచ్చి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. "మీ బాధ నాకు తెలుసండీ. మీ వంతెన మీద మీకు మమకారం ఉంటుంది. అందుకేగా దాన్ని వదిలేస్తున్నాం? సంతోషించండి."

ఆ సాయంత్రం జనం లేచి ఇళ్ళకు పోయాక, రంగులాయన గట్టు మీద ఒంటరిగా కూర్చుని వంతెనను చూశాడు. ఎండ వాలి, రాళ్ళ మీద బంగారు రంగు పడుతోంది. అది రాయి కాదని తెలిసినవాడు కూడా ఒక్క క్షణం రాయే అనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన కట్టినవాటిలో నిలబడేది ఇదొక్కటే. దాన్ని చూసి సంతోషించాలో గుండెలు బాదుకోవాలో ఆయనకు తెలియలేదు. ఈలోగా ఒకాయన గేదెను తోలుకుంటూ వంతెన ఎక్కడంతో ఆయన గుండెలు బాదుకుంటూ పరిగెత్తాడు.

నాలుగో రోజున ఇనుప వంతెన పేలింది. బతిమాలి వెనక్కి తెచ్చిన బాంబులాయన పని అద్భుతంగా చేశాడు. కాలువ నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. హీరో ఒంటి మీద దుమ్ము పడకుండా నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టి, డైరెక్టరు మానిటర్ చుట్టూ మూగారు. డైరెక్టరు ఒకసారి చూశాడు, రెండోసారి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇదేంటండీ, బొమ్మలా ఉంది! అట్టతో చేసినట్టు ఇట్టే తెలిసిపోతోంది." ఆయన వెనక్కి తిరిగాడు. "రంగులాయనా, పేల్చే ముందు దీనికి మీరు కాస్త రంగన్నా వేసుండాల్సింది."

రంగులాయన వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు.

ఆయన ఇంటికి చేరిన వారానికి పురాతన కట్టడాల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఉలి దెబ్బకు వేయాల్సిన శిక్షను అధికారి దయతలచి రద్దు చేశాడు. దానికి బదులు, ఆ కట్టడం గురించి రంగులాయనకున్న లోతైన పరిజ్ఞానం దృష్ట్యా వంతెన సంరక్షణ బాధ్యతను ఆయనకే అప్పగించాడు. ఇది ప్లైవుడ్డని రంగులాయన నాలుగుసార్లు తిరిగి రాశాడు. నాలుగుసార్లూ ఆయన వినయాన్ని మెచ్చుకుంటూ జవాబొచ్చింది. దాన్ని అలా వదిలేయడానికి మనసొప్పక ఆయన ప్రతి ఆదివారం జిగురు డబ్బా, రంగు బకెట్టు, నాలుగు ఇనుప గొట్టాలు వ్యానులో వేసుకుని వెళ్ళి, ఏదో ఒక మూల గట్టిపరిచి వచ్చేవాడు. భార్య ఆ ఊళ్ళో ఎవరున్నారని అడగడం కూడా మానేసింది.

సినిమా విడుదలైంది. అదీ ఒక ఆదివారమే. వంతెన కింద నీళ్ళలో నిలబడి రంగులాయన పత్రికలో సమీక్ష చదివాడు. అన్నీ బాగున్నాయట. ఫైట్లు బాగున్నాయి, హీరో నడక మరీ బాగుంది. "అయితే పతాక సన్నివేశంలోని ఇనుప వంతెన చూడగానే నకిలీదని తెలిసిపోతుంది. సెట్ వేసిన వ్యక్తి అసలైన వంతెనను ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేది" అని రాశారు.

ఆయన పత్రికను నాలుగు మడతలు పెట్టి, ఒక కర్రకూ గొట్టానికీ మధ్య వదులుగా ఉన్న సందులో కుక్కాడు. సరిగ్గా సరిపోయింది.

ఆ సోమవారం నుంచి వంతెన మీదుగా బస్సు వేశారు.