బాదం చెక్క లబ్ధిదారులు

ఆహార శాఖ మంత్రి సోమవారం ఉదయం పదకొండు గంటలకు విలేకరులను పిలిచి, దేశంలో షుగర్ ఉన్న ప్రతి మనిషికీ నలభై రోజుల్లో మైదా లేని బన్ను అందిస్తామని, అదీ మామూలు బన్ను ధరకే అందిస్తామని ప్రకటించారు. అంతకు ముందు శుక్రవారమే డాక్టర్లు ఆయనకు షుగర్ ఉందని తేల్చారు. సొంత కష్టాన్ని మూడు రోజుల్లో జాతి కష్టంగా మార్చగలిగిన నాయకుడు మరొకరు లేరని పత్రికలు రాశాయి. మైదా బదులు బాదం పిండి వాడతామని కూడా మంత్రి చెప్పారు. బాదం పిండి ధర మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నం ఆయన కార్యదర్శి బజారుకి ఫోన్ చేసి ధర కనుక్కుని, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు.

మంత్రిత్వ శాఖ భవనం వెనక గేటుకి ఎదురుగా ఒక బేకరీ ఉంది. దాన్ని నడిపే ఆవిడని వీధిలో అందరూ బన్నక్క అంటారు. మంత్రిగారు నలభై రోజుల్లో తెస్తానన్న బన్నుని ఆమె ఆరేళ్ళుగా మామూలు బన్ను ధరకే అమ్ముతోంది. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదు. భవనం కిటికీలన్నీ ముందువైపే ఉన్నాయి.

ఆమె ఈ బన్ను కనిపెట్టింది దేశం కోసం కాదు, మొగుడి కోసం. ఆయన సిటీ బస్సు డ్రైవరు. మూడు నెలలకోసారి కంపెనీ డాక్టరు ఆయన వేలు పొడిచి రక్తం చూస్తాడు. అంకె గీత దాటితే స్టీరింగు చేజారినట్టే.

ప్రతి మంగళవారం బన్నక్క ఖాళీ గోతాం పట్టుకుని బయల్దేరుతుంది. తలనూనెల వాళ్ళ కోసం బాదం నూనె తీసే గానుగ ఒకటి ఊరి చివర ఉంది. నూనె పోగా మిగిలిన చెక్కని పశువుల దాణా కింద అమ్ముతారు. నేల మీద పడకముందే ఆ పూట చెక్క ఒక గోతాం పట్టించుకుంటుంది. అవిసెలు పక్షుల గింజలమ్మే కొట్లో కొంటుంది. గుడ్లు సాయంత్రం ఆరు దాటాక టోకు కొట్టులో, పెంకు చిట్లినవి, అట్ట లెక్కన. చెక్కని దంచి రెండుసార్లు జల్లిస్తుంది, అవిసె పొడి నానబెడుతుంది, గుడ్లు గిలక్కొట్టి కలుపుతుంది, పొయ్యిలోంచి తీశాక గంట దాకా ఎవరినీ తుంచనివ్వదు. ఆమెకి రెండు గేదెలున్నాయని గానుగ యజమాని నమ్మకం. వారం వారం వాటి ఆరోగ్యం అడుగుతాడు. బాగానే ఉన్నాయని ఆమె చెబుతుంది.

మంత్రిత్వ శాఖ కొనుగోళ్ళ సూపరింటెండెంటు రోజూ నాలుగింటికి ఆమె దగ్గర బన్ను తినేవాడు. ప్రకటన వెలువడిన ముప్పై ఒకటో రోజున తినకుండా చేత్తో పట్టుకు కూర్చున్నాడు. అప్పటికి మూడు టెండర్లు పిలిచారు. తొమ్మిది మంది సభ్యుల బృందం విదేశాల్లో పద్దెనిమిది రోజులు అధ్యయనం చేసి, బాదం ఖరీదైనదని రెండు వందల పేజీల నివేదిక ఇచ్చింది.

“నువ్వు పిండి ఎక్కడ కొంటున్నావు అక్కా?” అని అడిగాడు సూపరింటెండెంటు.

చెప్పకూడదని ఆమెకి తెలుసు. కానీ నాలుగున్నర దాటినా ఆయన బన్ను కొరకలేదు. చెప్పేసింది.

మర్నాడు పదింటికల్లా గానుగ చెక్క మొత్తం ప్రభుత్వానికేనని ఉత్తర్వు వచ్చింది. పన్నెండింటికి చిక్కొచ్చింది. కొనుగోళ్ళ జాబితాలో బాదం చెక్క పశువుల దాణా కింద ఉంది. దాణాని పశుసంవర్ధక శాఖే కొనాలి, నంబరున్న పశువుకే ఇవ్వాలి. జాబితా మార్చాలంటే రెండేళ్ళు పడుతుంది. సూపరింటెండెంటు ఆ రాత్రంతా ఆలోచించి ఫైలు మీద ఇలా రాశాడు: “చెక్కని మనుషుల తిండిగా మార్చడానికి రెండేళ్ళు కావాలి. మనుషుల్ని పశువుల పట్టీలో చేర్చడానికి ఒక సర్క్యులర్ చాలు.” మంత్రి ఆ వాక్యం కింద రెండు గీతలు గీసి సంతకం పెట్టారు.

పథకం ముప్పై ఎనిమిదో రోజున, అంటే రెండు రోజుల ముందే మొదలైంది. మొదటి దరఖాస్తు మంత్రిగారే వేదిక మీద నింపారు. కొమ్ములు అన్నచోట ‘ప్రస్తుతానికి లేవు’ అని రాశారు. యజమాని పేరు అన్నచోట ‘ప్రజలు’ అని రాసినప్పుడు హాలు మూడు నిమిషాలు చప్పట్లు కొట్టింది. ఒకటో నంబరు పసుపు బిళ్ళని చెవికి కుట్టాలన్నది నియమం. కాలరుకి గుచ్చుకోవచ్చని మంత్రిగారు అక్కడికక్కడే సడలింపు ఇచ్చారు. తర్వాత బన్ను కొరికారు. బన్నులు చేసిన కాంట్రాక్టరు చెక్కని జల్లించకుండా కాల్చాడు. పొట్టు మంత్రిగారి గొంతులో ఇరుక్కుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగిన ఫొటో మర్నాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది.

ఆ తర్వాతి మంగళవారం బన్నక్క గోతాంతో వెళితే గానుగ యజమాని తలుపు సగమే తీశాడు.

“మీ గేదెలకి నంబర్లున్నాయా అమ్మా?”

లేవంది.

“నంబరు లేకపోతే గుప్పెడు కూడా ఇవ్వకూడదట. పాపం, ఏం తింటాయో అవి.”

మొగుడి రక్త పరీక్షకి తొమ్మిది రోజులే ఉంది. బన్నక్క తిన్నగా పశుసంవర్ధక శాఖ ఆఫీసుకి వెళ్ళి, యజమాని అన్నచోట తన పేరు, పశువు అన్నచోట మొగుడి పేరు రాసి వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. డ్రైవరు ముద్ద కలపడం ఆపి ఆలోచించాడు.

“పాలు ఎన్ని లీటర్లని రాశావు?”

“సున్నా.”

“మరి ఎందుకు ఉంచుకున్నావని అడగలేదా?”

“అడిగాడండీ. బండి లాగుతాడని చెప్పాను.”

మర్నాడు పశువుల డాక్టరు ఇంటికొచ్చి డ్రైవరు పళ్ళు చూసి, వీపు మీద రెండు చరుపులు చరిచి, ‘పనికి యోగ్యం’ అని రాసి ముద్ర వేశాడు. డ్రైవరు ఆ కాగితం తల్లికి చదివి వినిపించాడు. పెళ్ళినాటి నుంచీ కొడుకు గురించి మంచి మాట రాసినవాళ్ళు వీళ్ళేనని ఆవిడ సంతోషించింది. బిళ్ళ వచ్చింది, గోతాం వచ్చింది, బన్ను వచ్చింది. తొమ్మిదో రోజున కంపెనీ డాక్టరు వేలు పొడిస్తే అంకె గీతకి బాగా కిందే ఉంది.

డ్రైవరు ఈల వేసుకుంటూ డిపోకి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా ఆయనకి తాళం ఇవ్వలేదు. ఒక ప్రాణి పేరు రెండు రిజిస్టర్లలో ఉండకూడదని ఆ ఉదయమే గణాంకాల శాఖ కనిపెట్టిందట. పశువుల పట్టీలో ఉన్నవాళ్ళ డ్రైవింగ్ లైసెన్సులు రద్దయ్యాయి. సాయంత్రంలోగా పట్టీలోంచి పేరు కొట్టించుకొచ్చి ఆ కాగితం చూపించకపోతే ఆ బస్సు ఇంకొకరికి వెళుతుంది.

బన్నక్క కొట్టు మూసి మొగుణ్ణీ అత్తగారినీ వెంటబెట్టుకుని పశుసంవర్ధక శాఖకి పరుగెత్తింది. ఊరంతా అక్కడే ఉంది. బడి పంతులు, టైలరు, ఇద్దరు జడ్జీలు, కాలర్లకి పసుపు బిళ్ళలతో వరసలో నిలబడ్డారు. నాలుగున్నరకి బన్నక్క వంతు వచ్చింది. గుమాస్తా కాగితం ఆమె ముందుకి తోశాడు. పశువు పేరు తీసేయడానికి అందులో మూడే కారణాలున్నాయి: చనిపోయినది, తప్పిపోయినది, అమ్మివేసినది.

“ఏది పెట్టమంటారు?” అంది బన్నక్క మొగుడితో.

“చనిపోయినవాడికి లైసెన్సు ఇవ్వరు. తప్పిపోతే పోలీసు రిపోర్టు అడుగుతారు. నన్ను అమ్మెయ్యవే.”

“మిమ్మల్ని ఎవరు కొంటారండీ?”

ఇద్దరూ అత్తగారి వైపు చూశారు.

“నేనెందుకు కొనాలి?” అందావిడ. “ఇరవై ఆరేళ్ళు మేపి నీకు ఊరికే ఇచ్చాను.”

“ఇప్పుడు ఊరికే తీసుకోండి అత్తయ్యా.”

“ఊరికే అంటే కుదరదమ్మా, ధర రాయాలి,” అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

బేరం మొదలైంది. అత్తగారు కొడుకు నడుం నొప్పి ఎత్తి చూపింది. బన్నక్క పశువుల డాక్టరు ముద్ర చూపించింది. గురక సంగతి ముందే చెప్పాల్సిందని వెనక నిలబడ్డ టైలరు అభిప్రాయపడ్డాడు. డ్రైవరు ఒకసారి వీళ్ళ వైపు, ఒకసారి గోడ గడియారం వైపు చూస్తున్నాడు. చివరికి వారానికి నాలుగు బన్నుల చొప్పున ఆర్నెల్లకి ఖాయమైంది. అత్తగారు వేలిముద్ర వేసింది. కొన్నవారి పేరు ఒక్క వరసలో సరిపోయింది. గుమాస్తా పట్టీలో పేరు కొట్టేసి ముద్ర గుద్దాడు. అప్పటికి ఐదుకి పది నిమిషాలుంది. డ్రైవరు ఆ కాగితం లాక్కుని, తడి ముద్ర చెరిగిపోకుండా పైకెత్తి పట్టుకుని డిపో వైపు పరుగెత్తాడు.

అదే సమయానికి పక్క తలుపు తెరుచుకుని మంత్రిగారు లోపలికి వచ్చారు. ఎన్నికల నామినేషన్లకి గడువు ఆ రోజు ఐదింటితో అయిపోతుంది. పశువులు ఎన్నికల్లో పోటీ చేయడానికి వీల్లేదని ఎన్నికల అధికారి ఆయన కాగితాలు తిప్పి పంపాడు. వరసలో ఉన్నవాళ్ళు జరిగి దారిచ్చారు. గుమాస్తా లేచి నిలబడి, ఆయన ముందు కాగితం పెట్టి, మూడు కారణాలూ చదివి వినిపించాడు.

మంత్రిగారు ఆలోచించలేదు. బన్నక్క చేతిలోంచి పెన్ను తీసుకుని మూడోదానికి టిక్కు పెట్టారు.

“కొన్నవారి పేరు ఇక్కడ రాయాలి సార్,” అన్నాడు గుమాస్తా, వేలు పెట్టి చూపిస్తూ.

మంత్రిగారు రాయడం మొదలుపెట్టారు. వరస నిండింది. పక్కనున్న ఖాళీ నిండింది. గుమాస్తా సొరుగులోంచి తెల్ల కాగితం తీసి ఇచ్చాడు. గడియారం ఐదుకి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. మంత్రిగారు కాగితం కింది అంచు దాకా వచ్చి తలెత్తారు.

“వెనక వైపు కూడా రాయొచ్చా?”