కిటికీలోంచి విన్న రిజల్టు

గణపవరంలో చేపల, రొయ్యల చెరువులున్న అబ్బాయిరాజుగారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. మంచి కొరమేను పట్టించుకొచ్చి, హైదరాబాదు నుంచి వచ్చిన కూతురికి పులుసు పెట్టించాలి.

ఆ కూతురు పద్మప్రియ ఒక ల్యాబులో పరిశోధకురాలు. హెచ్ఐవీ, ఫ్లూ రెండు వైరస్‌లనూ ఒంట్లోని కణాల్లోకి చొరబడనివ్వకుండా గుమ్మంలోనే ఆపే మందు మీద పనిచేస్తోంది. ఆ సంగతి తండ్రికి విడమరిచి చెప్పింది కూడా. కాకపోతే ఆ సమయంలో ఆయన మనసు చెరువు గట్టు మీద ఉంది.

బండి తీయడానికి పెరటివైపు వస్తుంటే, కిటికీలోంచి ఆమె ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినిపించింది.

"హెచ్ఐవీకి మళ్ళీ టెస్ట్ చేశారా? మళ్ళీ అదే వచ్చిందా? ఫ్లూకి కూడానా! లేదు, ఇంట్లో ఇప్పుడే చెప్పను. నాన్నగారికి తెలిస్తే ఊరంతా ఏకం చేసేస్తారు." అంటూ చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

రాజుగారు బండి తాళం మళ్ళీ జేబులో వేసేసుకున్నారు. భార్యకు చెప్పే ధైర్యం లేక, తాడేపల్లిగూడెంలో ఉన్న బావమరిది హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేసి గొల్లుమన్నారు.

"నీలోనే ఉంచుకో హేమంతూ."

"అయ్యో, మీరు చెప్పాలా బావగారూ!"

హేమంత్‌కుమార్ తనలోనే ఉంచుకున్నాడు, అంటే భార్య నాగదుర్గకి మాత్రమే చెప్పాడు. నాగదుర్గ తన వదినగారికి ధైర్యం చెబుదామని గణపవరం ఫోన్ చేసింది. ఆ వదినగారే రాజుగారి భార్య వెంకటలక్ష్మి. పాపం, ఆవిడకి అప్పటిదాకా ఏమీ తెలియదు.

మధ్యాహ్నానికి గూడెం నుంచి కారు దిగింది. నాగదుర్గ వస్తూనే పద్మప్రియని కావలించుకుని భోరుమంది.

"ఎలా ఉన్నావే తల్లీ?"

"నిక్షేపంలా ఉన్నాను అత్తయ్యా."

"అంత ధైర్యం ఎక్కడిదే నీకు!"

భోజనాల దగ్గర ఎవరికీ ముద్ద దిగలేదు. రొయ్యకి వైరస్ అంటే చెరువు చెరువంతా ఖాళీ చేయించే రాజుగారు, ఉన్నట్టుండి కూతురి కంచంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నారు. "లోకం ఏమైనా అనుకోనీ, నువ్వు నా కూతురివి" అన్నారు, పొలమారుతూ.

పద్మప్రియ తలెత్తి చూసింది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. నాన్నగారు బాగా చిక్కారు, గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతున్నారు. వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, నాన్నగారికి ఏమైంది?" అని అడిగింది. వెంకటలక్ష్మి, "నా నోటితో చెప్పలేనే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక అనుమానమేముంది? ఆయనకేదో పెద్ద జబ్బే.

"నాన్నగారండీ, ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్దాం పదండి."

పిల్ల తనంతట తనే బయటపడిందని రాజుగారికి కొండంత ఊరట. "పదమ్మా. చెరువులు అమ్మయినా సరే నయం చేయిస్తాను."

ఆ మాటకి ఆమె దారి పొడవునా ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి ఆయన ఏడ్చారు.

ఆసుపత్రి కౌంటర్లో నర్సు తలెత్తింది. "పేషెంట్ ఎవరండీ?"

"నాన్నగారండీ."

"మా అమ్మాయండీ."

ఇద్దరూ ఒకేసారి అన్నారు. రాజుగారు ముందుకి వంగి, "హెచ్ఐవీ అండీ" అన్నారు మెల్లగా.

"ఎవరికి?" పద్మప్రియ అదిరిపడింది.

"నీకే తల్లీ. పొద్దున కిటికీలోంచి విన్నాను."

ఆమె అక్కడే బల్ల మీద కూలబడి పడీ పడీ నవ్వింది.

"నాకు కాదండీ! టెస్ట్ చేసింది ల్యాబులో పెంచుతున్న కణాలకి! మేం మందు పెడితే హెచ్ఐవీ లోపలికి వెళ్ళలేకపోయింది, ఫ్లూ కూడా. మళ్ళీ చేసినా అదే వచ్చిందని చెప్పారు. మనుషుల దాకా రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది, అందుకే మీకు చెప్పలేదు."

"అంటే నువ్వు బాగానే ఉన్నావు?"

"బాగానే ఉన్నాను. లేకపోయినా కంచంలో తింటే అంటుకోదండీ. మీరు చేసిందే కరెక్టు." ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది. "మరి మీకేమైంది?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

నర్సుకి ఓపిక అయిపోయింది. "చీటీ రాసేశానండీ. ఎవరో ఒకరు చూపించుకోండి."

కూతురికి లేదన్న సంబరంలో రాజుగారే ధీమాగా చెయ్యి చాపారు. రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంత షుగర్ పెట్టుకుని ఎలా తిరుగుతున్నారండీ?"

ఆ సాయంత్రం పద్మప్రియ విజయానికని పూతరేకుల పెట్టె తెప్పించారు. అందరికీ రెండేసి వచ్చాయి. రాజుగారికి పెట్టె మీద బొమ్మ చూపించారు.