కళ్లద్దాల ఆపరేషన్

ఆ రోజు పెట్టుకున్న పని చాలా చిన్నది. పెనుకొండలో పొద్దున్నే బస్సెక్కి హిందూపురం ఆసుపత్రిలో చేరాలి, రక్తపరీక్షలు చేయించుకోవాలి, మర్నాడు ఎనిమిదింటికి కౌసల్యమ్మ కాలేయంలోని గడ్డ తీయించుకోవాలి. ఇంత చిన్న పనికి ఆమెను ఒప్పించడానికి కొడుకు రమేష్‌కు ఎనిమిది నెలలు పట్టింది. కత్తి అంటే ఆమెకు ప్రాణభయం. గడ్డ మాత్రం ఎవరి భయాన్నీ లెక్కచేయకుండా పెరుగుతూనే ఉంది. ఇంకొన్నాళ్లు ఆగితే తీయడానికి వీలుండదని డాక్టర్ ధరణి ఖండితంగా చెప్పింది.

ధరణి మంచి సర్జను. స్కానింగుల ఆధారంగా కౌసల్యమ్మ కాలేయాన్ని కంప్యూటర్లో బొమ్మగా చేసుకుని, కళ్లకు అద్దాల పెట్టె తగిలించుకుని, ఎక్కడ ఎలా కోయాలో అందులోనే మూడుసార్లు సాధన చేసింది. కళ్లారా చూస్తే ముసలామెకు ధైర్యం వస్తుందనుకుంది. ఆసుపత్రిలో చేరి రక్తపరీక్షలయ్యాక, రమేష్ కాగితాల కోసం కిందికి పోయినప్పుడు ఆ పెట్టెను ఆమెకూ తగిలించింది.

"అవ్వా, ఇది నీ కాలేయం. ఈ నీలం రంగుది పెద్ద నరం. దాన్ని తాకకుండా ఈ పక్కనుంచి పోయి... ఇదిగో, గడ్డ వచ్చేసింది!"

"అయిపాయనా తల్లీ?"

"అయిపోయింది అవ్వా. ఇంతే. భయపడేదేముంది?"

కొంప మునిగింది ఇక్కడే. రెండేళ్ల కిందట కౌసల్యమ్మకు కంటిశుక్లం తీశారు. కళ్లమీద ఏదో పెట్టి, పది నిమిషాల్లో అయిపోయిందని చెప్పి, సాయంత్రమే బస్సెక్కించారు. ఇదీ అలాంటిదేననుకుంది మహాతల్లి. ధరణిని ఇంకో వార్డుకు పిలిచారు. కౌసల్యమ్మ ఆమె వెనకనుంచే దండం పెట్టి, సంచీ చంకనేసుకుని బస్టాండుకు నడిచింది.

రమేష్ వచ్చి చూస్తే మంచం ఖాళీ. ఆసుపత్రి మూడంతస్తులూ గాలించి, పోలీసులకు చెబుదామనుకుంటుండగా పక్కింటి హనుమంతు ఫోన్ చేశాడు.

"ఏమబ్బా, అమ్మకు ఆపరేషన్ బాగా అయినాదంట గదా!"

అప్పటికే పెనుకొండలో కౌసల్యమ్మ ఇంటినిండా జనం. ఆపరేషనైన మనిషిని చూడటానికి ఉత్తచేతులతో పోకూడదు కదా, బ్రెడ్డు ప్యాకెట్లు, ఎళనీళ్ల బోండాలు గుట్టపడ్డాయి. వచ్చినవాళ్లందరికీ ఆమె మొదటినుంచీ చెబుతూనే ఉంది.

"కోత ల్యా, నొప్పి ల్యా. నీలం నరం పక్కన దావ చేసుకోని పోయి గడ్డ ఎత్తేసింది. నా కండ్లతో నేనే చూసినా!"

ధర్మవరం నుంచి కౌసల్యమ్మ అక్క ఎల్లమ్మ నొప్పి మోకాళ్లు పట్టుకుని దిగింది. "నా వరిబీజానికి గూడా ఆ అద్దాలు పెడ్తారేమో అడుగు పెద్దమ్మా" అన్నాడు హనుమంతు. రమేష్ ఇల్లు చేరేసరికి మర్నాటి మొదటి బస్సుకు తొమ్మిది మంది సిద్ధం. నిజం చెబితే అమ్మ మళ్లీ ఆసుపత్రి గడప తొక్కదు.

"డాక్టరమ్మ రేపు ఇంగోసారి చూడల్లంటమ్మా. పరగడుపునే రమ్మనింది" అని మాత్రం అన్నాడు.

పొద్దున్నే కౌసల్యమ్మ పెళ్లిబృందాన్ని తెచ్చినట్టు తొమ్మిది మందిని వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చింది. సంగతి విన్న ధరణి ముఖం పాలిపోయింది. అబద్ధమాడి మత్తివ్వడం ఆమెవల్ల కాలేదు. కౌసల్యమ్మ చేయి పట్టుకుని అందరి ముందే చెప్పేసింది.

"తప్పు నాదే అవ్వా. నిన్న చూపించింది బొమ్మ. గడ్డ లోపలే ఉంది."

అమ్మ పారిపోతుందని రమేష్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. కౌసల్యమ్మ కడుపు మీద చేయి వేసుకుంది.

"అట్లయితే ఇంగా ఈడనే ఉండాదా?"

"ఉంది అవ్వా."

"నిన్న చూపించిన దావలోనే పోతావా? ఆ నీలం నరం తాకవు గదా?"

"తాకను. మూడుసార్లు పోయి చూసుకున్నాను."

"నాకు శానా భయమైతాండాది తల్లీ" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అయినా దావ తెలుసు గదా. నిన్నట్నుంచి నలభై మందికి చెప్పినా. పోదాం పాండి."

రమేష్ తలుపు వదిలేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చింది, పెద్ద నరం చెక్కుచెదరలేదు, పన్నెండో రోజు కౌసల్యమ్మ నడుచుకుంటూ బస్సెక్కింది. పెనుకొండలో ధరణికి మాత్రం పేరు రాలేదు. ఒక్క గడ్డ తీయడానికి రెండుసార్లు ఆపరేషన్ చేసిన డాక్టరని చెప్పుకుంటున్నారు.